రంగు కబురు తెస్తుంది, తీర్పు మాత్రం చెప్పకూడదు

ధ్యాన భాగాలు: సంఖ్యాకాండము 15:37-41, 2 రాజులు 3:16-24, 1 సమూయేలు 16:7



మన ప్రాంతంలో మామిడి కోతలు మొదలయ్యాయి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ఎటు వెళ్లినా ట్రాక్టర్ల నిండా కాయలే. ఈ రెండు నెలలూ మన ఇళ్లలో నడిచే మాటల్లో సగం రంగు గురించే. "కాయ రంగు తిరిగిందా?" "రంగు బాగుంటే రేటు పలుకుతుంది." "మచ్చ ఉంది, పక్కన పెట్టు." కాయ కోడిగుడ్డంత అయ్యాక కాగితపు కవర్లు తొడిగే రైతులు కూడా ఇప్పుడు మనలో చాలామందే ఉన్నారు. ఆ కవరులో పెరిగిన బంగినపల్లికి ఈగ తగలదు, మచ్చ పడదు, లేత పసుపు రంగు సమానంగా వస్తుంది. లోపలి తీపి కవరు లేని కాయదే, అయినా కొనేవాడి చెయ్యి ముందు కవరు కాయ మీదికే వెళ్తుంది. కన్ను చూసింది, మనసు లాగింది, చెయ్యి కదిలింది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

మన తోటల్లో, మిరప చేలల్లో కట్టే జిగురు అట్టలు చూసే ఉంటారు. తెల్లదోమకీ పేనుబంకకీ పసుపు అట్ట, తామర పురుగుకి నీలం అట్ట. వాటికి తీపి ఉండదు, ఎర ఉండదు. ఉన్నదల్లా రంగు, జిగురు. పురుగు ఆ రంగును చూసి లేతాకు అనో పువ్వు అనో వచ్చి వాలుతుంది, ఇక లేవదు. రంగును నమ్మి ప్రాణం పోగొట్టుకుంటుంది.

మనిషి పురుగు కాదు గదా అంటారు. నిజమే. అయితే రంగు మన మనసు మీద ఏమేరకు పనిచేస్తుంది? ఆ పని దేవుని బిడ్డలమైన మనల్ని ఎటు నడిపిస్తోంది? ఈ వారం దీన్ని ధ్యానం చేద్దామనుకున్నాను. ఇది ఇంటి గోడకు వేసే సున్నం సంగతి మాత్రమే కాదు. మన సంఘంలో కొందరి కన్నీళ్ల సంగతి కూడా.

మన భాష రంగులోనే మాట్లాడుతుంది

మనసుకీ రంగుకీ సంబంధం ఉందని మన తెలుగుకు ఎప్పుడో తెలుసు. కోపం వస్తే ముఖం ఎర్రబడిందంటాం. అవమానం జరిగితే ముఖం నల్లబడిందంటాం. ఏమీ అర్థం కాకపోతే తెల్లముఖం వేశాడంటాం. అసలు బుద్ధి బయటపడితే "వాడి రంగు తెలిసింది" అంటాం. పిల్లల్ని దీవించేటప్పుడు "పచ్చగా ఉండండి" అంటాం.

ఆ "పచ్చ" అనే మాటను కాస్త గమనించండి. పచ్చని చెట్టు అంటే ఆకు రంగు. పచ్చకామెర్లు అంటే పసుపు రంగు. మాట ఒక్కటే. ఒకచోట అది దీవెన, మరోచోట జబ్బు. పండు మీద పసుపు కనబడితే నోరు ఊరుతుంది. అదే పసుపు పసిబిడ్డ కళ్లలో కనబడితే తల్లి గుండె జారిపోయి ఆసుపత్రికి పరుగెడుతుంది. కాబట్టి పసుపు సంతోషాన్ని ఇస్తుంది అని ఒక్క ముక్కలో చెప్పేస్తే కుదరదు. ఎక్కడ చూశాం, దాని గురించి ముందు ఏమి నేర్చుకున్నాం అన్నదాన్ని బట్టి మనసు కదులుతుంది.

తెల్లచీర సంగతే తీసుకోండి. మన ఊళ్లలో చాలా కుటుంబాలకు తెల్లచీర అంటే భర్త పోయిన స్త్రీ. మన సంఘంలో తెల్లచీర అంటే పెళ్లికూతురు, లేదా ప్రభువు బల్లకు వచ్చే తల్లి. ఒక పెళ్లిలో పెళ్లికూతురి నాన్నకు స్నేహితుడైన ఒక పెద్దాయన ముందు వరసలో కూర్చున్నారు. తెల్లచీరలో పిల్ల లోపలికి నడిచి వస్తుంటే మన వాళ్ల ముఖాలు వెలిగాయి. ఆయన మాత్రం ఇబ్బందిగా తల దించుకున్నారు. తరువాత నాతో, "ఏమనుకోకండి గురువుగారూ, ఆ చీర చూస్తే నాకు గుండెల్లో ఏదోలా అయింది" అన్నారు. ఆయన ప్రేమ తక్కువై కాదు. ఒకే చీర, ఒకే గది, రెండు రకాల మనసులు. చీర ఏమీ చేయలేదు. చిన్నప్పటి నుంచి ఎవరి కన్ను దేన్ని చూస్తూ పెరిగిందో అది ఆ క్షణంలో మాట్లాడింది.

శాస్త్రం చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంది. 1972లో అమెరికాలోని సిన్సినాటిలో వైద్య విద్యార్థులకు మందు ఏమీ లేని ఉత్తుత్తి గొట్టాలు మింగించారు. కొందరికి గులాబీ రంగువి, కొందరికి నీలం రంగువి. నీలం మింగినవారిలో ఎక్కువమందికి మత్తుగా అనిపించింది. మందు లేదు, ఉన్నది రంగూ, దానిమీద నమ్మకమూ.

ఇంకొకటి. 1979లో అదే దేశంలో, సియాటిల్ నగరంలోని నౌకాదళ జైల్లో ఒక గదికి ముదురు గులాబీ రంగు వేశారు. ఆ రంగు చూస్తే ఖైదీల కోపం దిగిపోతుందన్నారు. మొదట్లో మంచి ఫలితం వచ్చిందని చెప్పుకున్నారు, ఆ రంగు చాలా జైళ్లకు పాకింది. తరువాత జాగ్రత్తగా పరీక్షించినవారికి ఆ ఫలితం దొరకలేదు. స్విట్జర్లాండ్ జైలు గదుల్లో చేసి 2015లో ప్రచురించిన పరిశీలనలో గులాబీ గదికీ తెల్ల గదికీ ఖైదీల కోపంలో తేడా కనబడలేదు.

ప్రియులారా, మనిషి లోపలి రౌద్రం గోడకు రంగు వేస్తే పోయేది కాదని విశ్వాసికి వింతగా తోచదు. వారఫలాల్లో అదృష్ట రంగు చూసి చొక్కా వేసుకునేవారు మన మధ్య ఎవరైనా ఉంటే ఒక్క మాట. రంగు మనసును కొంచెం కదిలించగలదు. కానీ మీ దినమును అది నడపదు. దినములు ఎవరి చేతిలో ఉన్నాయో మనకు తెలుసు.

దేవుడు ఇచ్చిన నీలి దారం

రంగు ఇలా మనసును తట్టుతుందని సృష్టించినవానికి తెలియదా? సంఖ్యాకాండము 15వ అధ్యాయం చివర ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ఇశ్రాయేలీయులు తమ బట్టల అంచులకు కుచ్చులు పెట్టుకోవాలి, ఆ కుచ్చుల మీద నీలి దారం ఉండాలి. ఎందుకు? అందం కోసం కాదు. దాన్ని చూసినప్పుడు దేవుని ఆజ్ఞలు గుర్తుకు రావాలి. కోరికల వెంట, కళ్ల వెంట పోకుండా ఆగాలి. అదే వచనంలో దేవుడు కళ్ల సంగతి ఎత్తడం గమనించండి. కన్ను మనిషిని లాక్కుపోతుందని ఆయనకు తెలుసు. అందుకని ఆ కంటికే ఒక రంగు చూపించి ఆపాడు.

పొలం పనిలో ఉన్నవాడు వంగినప్పుడు అంచు కనబడుతుంది. కొట్లో తూకం వేసేవాడు చెయ్యి చాపినప్పుడు అంచు కనబడుతుంది. తూకంలో మోసం చేయబోయే చెయ్యికి నీలి దారం అడ్డు వస్తుంది. ఆ దారానికి శక్తి లేదు. అది గుర్తు చేసే మాటకు శక్తి ఉంది. నోవహుకు మేఘంలో కనిపించిన ధనుస్సు, రాహాబు కిటికీకి కట్టిన ఎర్ర దారం కూడా ఇలాంటివే. రంగు కబురు తెచ్చింది. రక్షించినది మాట ఇచ్చిన దేవుడు.

రంగు చూసి పరుగెత్తినవారు

ఇక రంగును చూసి, దాన్నే తీర్పుగా తీసుకున్నవారి సంగతి. ఏశావు వేట నుంచి అలసిపోయి వచ్చాడు. యాకోబు వండుతున్న వంటకం ఎర్రగా కనబడింది. పేరు కూడా అడగలేదు, ఆ ఎర్రటిది పెట్టమన్నాడు. ఒక్క గిన్నెకు జ్యేష్ఠత్వం అమ్మేశాడు. అందుకే అతనికి ఎదోము అనే పేరు వచ్చింది, అంటే ఎరుపు. ఆదికాండము 25లో ఉంది, చదవండి. సామెతలు 23:31లో జ్ఞాని ద్రాక్షారసాన్ని తాగవద్దనే ముందు, గిన్నెలో అది ఎర్రగా మెరుస్తున్నప్పుడు దాని వంక చూడనే వద్దంటాడు. పడిపోవడం చూపుతోనే మొదలవుతుందని అతనికి తెలుసు.

వీటన్నిటికన్నా నన్ను ఆపి ఆలోచింపజేసేది 2 రాజులు 3వ అధ్యాయం. ఇశ్రాయేలు, యూదా, ఎదోము రాజులు ముగ్గురూ మోయాబు మీదికి బయలుదేరారు. ఏడు రోజులు తిరిగేసరికి సైన్యానికీ పశువులకీ నీళ్లు లేవు. ఎలీషా ప్రవక్త మాట ప్రకారం లోయలో గుంటలు తవ్వారు. మర్నాడు ఉదయం నైవేద్యం అర్పించే వేళకు ఆ గుంటల్లోకి నీళ్లు వచ్చాయి. అవతల మోయాబీయులు తెల్లవారే లేచారు. ఎండ నీళ్ల మీద పడింది. దూరం నుంచి చూస్తే నీళ్లు రక్తంలా ఎర్రగా కనబడ్డాయి. ఇంకేముంది, రాజులు ముగ్గురూ ఒకరినొకరు చంపుకున్నారనుకున్నారు. దోపుడుసొమ్ము పోగు చేసుకుందామని పరుగెత్తుకొచ్చారు. ఎదురుగా ప్రాణాలతో ఉన్న సైన్యం లేచి నిలబడింది.

వారి కళ్లకు జబ్బు లేదు. ఎరుపు కనబడిన మాట నిజమే. తప్పిపోయింది ఎరుపుకీ "రక్తం" అనే మాటకీ మధ్య ఉండవలసిన ఒక్క అడుగు. దగ్గరికి వెళ్లి చూసేవారు ఒక్కరూ లేకపోయారు. పైగా మనసులో దోచుకోవాలనే ఆశ ముందే ఉంది, ఆశకు ఆ రంగు సాక్ష్యంగా సరిపోయింది. మన పెద్దలు ఊరికే అన్నారా, నల్లనివన్నీ నీళ్లు కావు, తెల్లనివన్నీ పాలు కావు అని?

రంగు వచ్చింది, పండలేదు

ఈ మాట మామిడి రైతుకు ఇంకా బాగా అర్థమవుతుంది. కాయ చెట్టు మీద ఊరి తన సమయానికి మాగితే, ఆకుపచ్చదనం తగ్గి లోపల ఉన్న పసుపు బయటికి కనబడుతుంది. ఆ రంగుతోపాటు పులుపు తగ్గుతుంది, పిండి చక్కెరవుతుంది, వాసన వస్తుంది. రంగు అప్పుడు నిజమైన కబురు.

అదే ఊరని కాయను తెంపి కార్బైడ్ పొట్లం పెట్టారనుకోండి. దానికి తేమ తగిలి అసిటిలీన్ వాయువు పుడుతుంది, తోలు తొందరగా పసుపు తిరుగుతుంది. కోస్తే లోపల పులుపు, టెంక దగ్గర తెలుపు. పైగా ఆ కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరం లాంటి విషపు మలినాలు ఉంటాయి. అందుకే మన దేశపు ఆహార భద్రత నిబంధనలు 2011 నుంచి దాంతో మాగబెట్టిన పండు అమ్మడాన్ని నిషేధించాయి. ప్రత్యేక గదుల్లో పరిమితికి లోబడి ఇథిలీన్ వాయువుతో మాగబెట్టుకోవచ్చు. ఇందులో వ్యాపారం చేసే మన సంఘస్థులకు నేను వేరే చెప్పనక్కరలేదు. పొరుగువాడి బిడ్డ నోట్లో పెట్టే పండు అది.

రసాలు ఎరిగినవారు ఏమి చేస్తారు? రంగు ఒక్కటే చూసి ఊరుకోరు. తొడిమ దగ్గర వాసన చూస్తారు, వేలితో మెల్లగా ఒత్తి చూస్తారు. తొడిమ చుట్టూ ఇంకా పచ్చగానే ఉన్న రసం నోట్లో పెట్టుకుంటే తేనెలా ఉండటం మీలో ఎంతమంది ఎరుగరు? పండు విషయంలో మనకు ఇంత ఓపిక ఉంది, ఇంత జ్ఞానం ఉంది. మరి మనుషుల విషయంలో?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

"పిల్ల మంచిదే, కానీ..."

ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు రాయడం లేదు. కూతురు నర్సింగు చదివింది, ఉద్యోగం చేస్తోంది, ఇంటిని మోస్తోంది. మూడు సంబంధాలు వచ్చాయి. మూడూ ఒకే మాటతో వెనక్కి వెళ్లాయి, "పిల్ల మంచిదే, కాస్త రంగు తక్కువ." వచ్చినవారు అన్యులు కారు. ఆదివారం మందిరంలో కూర్చునేవారే. ఆ తల్లి ఏడుస్తూ అడిగింది, "అయ్యగారూ, మా అమ్మాయి రంగు మారేలా ప్రార్థన చేయండి."

ఆ అమ్మాయి అప్పటికే ఎవరో చెప్పారని కొట్లో దొరికిన ఒక క్రీము నెలల తరబడి రాసింది. మొదట తెల్లబడినట్టు అనిపించింది. తరువాత ఎండ తగిలితే చాలు ముఖం ఎర్రగా మండటం మొదలైంది. ఆరాధనకు వచ్చి ఆఖరి వరసలో చున్నీ కప్పుకుని కూర్చునేది. ఆమె మౌనాన్ని భక్తి అనుకున్నవారు ఉన్నారు.

తల్లిదండ్రులారా, ఇది శ్రద్ధగా వినండి. తెల్లబరుస్తామని అమ్మే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా దాన్ని ముఖానికి రాస్తూ పోతే చర్మం పలచబడుతుంది, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, ఆపితే మంట ఎక్కువవుతుంది. కొన్నిట్లో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను పాడు చేస్తుంది. మీ బిడ్డ ఇప్పటికే వాడుతుంటే తిట్టకండి, చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఆ అమ్మాయి అలాగే వెళ్లింది, ఇప్పుడు నయంగా ఉంది.

1975 నుంచి మన దేశంలో అమ్ముడవుతున్న ఒక క్రీము 2020లో తన పేరులోంచి "ఫెయిర్" అనే మాట తీసేసి "గ్లో" అని పెట్టుకుంది. సబ్బుల కంపెనీ కూడా పేరు మార్చుకోవలసి వచ్చింది. మన పెళ్లిచూపుల్లో ప్రశ్న మాత్రం మారలేదు.

నేను ఆ తల్లితో కలిసి మోకాళ్లూనాను. ఆ బిడ్డ రంగు మారాలని అడగలేదు. చూసేవారి కన్ను మారాలని అడిగాను. తరువాత పరమగీతము మొదటి అధ్యాయం 5, 6 వచనాలు చదివాం. అక్కడ ఒక అమ్మాయి తాను నల్లనిదాన్నే, సౌందర్యవతినే అని ధైర్యంగా చెబుతుంది. ఎండ తగిలి నల్లబడ్డానని, తన అన్నదమ్ములు తనను ద్రాక్షతోటలకు కాపు పెట్టారని చెబుతుంది. మన తోటల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాయ ఏరే తల్లులారా, ఆ వచనం మీ వీధిలోంచి వచ్చినట్టు లేదూ? ఆమె నలుపు ఆమె కష్టానికి సాక్ష్యం. ఎండ నుంచి చర్మాన్ని కాపాడే ఆ నల్లని పదార్థాన్ని, మెలనిన్‌ను, మన ఎండలకు తగినట్టు అమర్చినవాడు దేవుడే. అదే గ్రంథం 5వ అధ్యాయంలో ప్రియుని జుట్టు కాకి నలుపని మెచ్చుకుంటారు. నలుపు అక్కడ నింద కాదు, పొగడ్త.

నల్ల పేజీ ముందు ఒక పసిపిల్ల

సెలవుల్లో జరిగే వి.బి.ఎస్.లో మాటలు లేని పుస్తకం మీకు తెలుసు. నలుపు, ఎరుపు, తెలుపు, బంగారు, పచ్చ పేజీలు. 1866లో లండన్‌లో స్పర్జన్ గారు నలుపు, ఎరుపు, తెలుపు అనే మూడు పేజీలతో దాని గురించి ప్రసంగించారు. తరువాత మూడీ గారి కాలంలో బంగారు పేజీ చేరింది, ఆ తరువాత పచ్చ అట్ట చేరింది. చదువురాని లక్షలమందికి సువార్త చెప్పిన పుస్తకం అది. దాన్ని నేను గౌరవిస్తాను.

ఒక ఏడాది టీచరమ్మ నల్ల పేజీ చూపించి, ఇది పాపంతో నిండిన హృదయం అని చెప్పింది. క్లాసు అయ్యాక ఏడేళ్ల పిల్ల నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపింది. "అయ్యగారూ, నా చేతులు కూడా నల్లగానే ఉన్నాయిగా. నేను పాపినా?" అని అడిగింది.

పెద్ద వేదాంతం చెప్పే సమయం కాదు. బైబిలు తెరిచి యెషయా మొదటి అధ్యాయం 18వ వచనం చూపించాను. "అమ్మా, ఇక్కడ పాపం ఏ రంగులో ఉందో చదువు" అన్నాను. కూడబలుక్కుని చదివి, "ఎరుపు" అంది. మరి గేహజీకి శిక్షగా వచ్చిన కుష్ఠు ఏ రంగు? మంచులా తెలుపు. యేసయ్య పరిసయ్యుల్ని దేనితో పోల్చాడు? సున్నం కొట్టిన సమాధులతో, బయట తెల్లగా ఉండి లోపల కుళ్లిపోయినవాటితో. కాబట్టి పాపానికి ఒక రంగు లేదు, పరిశుద్ధతకు ఒక తోలు లేదు. పక్కనే నిలబడి వింటున్న టీచరమ్మ మర్నాటి నుంచి ఆ పేజీని "దీపం లేని గది" అని చెప్పడం మొదలుపెట్టింది. దీపం లేనప్పుడు ఎవరికీ ఏమీ కనబడదు, దీపం వస్తే అందరికీ కనబడుతుంది. పిల్లలకు ఆ పోలిక ఇంకా బాగా అర్థమైంది. మన సండే స్కూల్ టీచర్లందరూ ఇలాగే చెప్పాలని నా మనవి.

సంఖ్యాకాండము 12లో మిర్యాము, అహరోను మోషే పెళ్లాడిన కూషు దేశపు స్త్రీని బట్టి మోషేకు విరోధంగా మాట్లాడారు. కూషీయుల చర్మం సంగతి యిర్మీయా 13:23లో ఉంది. మిర్యాము మనసులో ఉన్నది రంగేనని వాక్యం చెప్పదు, నేనూ చెప్పను. అయితే తరువాత జరిగింది చూడండి. మిర్యాము ఒళ్లంతా మంచులా తెల్లనైంది. ఏడు రోజులు పాళెం బయట ఉంది. ఇంటికి వచ్చిన పరాయి పిల్లను తేలికగా మాట్లాడే ప్రతి అత్తా, ప్రతి ఆడపడుచూ ఈ అధ్యాయం ఒకసారి చదవాలి.

ఏడు రోజుల ఓపిక

ఇప్పుడు మనం ఏమి చేయాలి? లేవీయకాండము 13 చదవడానికి మనకు విసుగు. అందులో ఒక మంచి పద్ధతి ఉంది. ఒకరి ఒంటి మీద తెల్లని మచ్చ కనబడితే యాజకుడు వెంటనే "అపవిత్రుడు" అని కేక వేయకూడదు. అది పైపైనే ఉందా, లోతుగా ఉందా చూడాలి. తేలకపోతే ఏడు రోజులు ఆగాలి, మళ్లీ చూడాలి, ఇంకా తేలకపోతే మరో ఏడు రోజులు. రంగు కనబడింది. తీర్పు మాత్రం ఆగింది. ఆ ఆగడంలో ఒక మనిషి బతుకు నిలబడింది. మోయాబీయులు ఆ ఒక్క అడుగు ఆగి ఉంటే?

కాబట్టి మన ఇళ్లకు కొన్ని మాటలు.

పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "పిల్ల రంగేంటి?" అనే ప్రశ్న మన సంఘంలో ఎవరూ అడగవద్దు, ఎవరైనా అడిగితే జవాబు చెప్పవద్దు. బయోడేటాలో రంగు గడి ఉంటే కొట్టేయండి. మధ్యవర్తిగా నన్ను పిలిచేవారికి ఇది ముందే చెబుతున్నాను.

పిల్లల్ని ముద్దుకైనా "కర్రిదానా", "నల్లోడా" అని పిలవకండి. మనకు ముద్దు, వారికి ముద్ర. పుట్టిన బిడ్డను చూడటానికి వెళ్లి మొదటి మాటగా రంగు ఎత్తకండి. బాలింతకు ఆ మాట నెలలపాటు గుచ్చుకుంటుంది.

భర్తను పోగొట్టుకున్న సహోదరి క్రిస్మసుకు ఎర్రచీర కట్టుకుంటే గుసగుసలాడకండి. ఆమెకు ఏ రంగు తగునో చెప్పే అధికారం ప్రభువు మనకు ఇవ్వలేదు. తెల్లచీర ఆమె ఇష్టమైతే అదీ ఆమె ఇష్టమే.

అలాగే రంగును మంచికి వాడుకోండి. మంచాన పడిన పెద్దవారి గదిలోకి ఉదయపు వెలుగు రానివ్వండి, కిటికీలోంచి చెట్టు పచ్చదనం కనబడేలా మంచం జరపండి. వారు చిన్నప్పుడు ఇష్టపడిన రంగు దుప్పటి ఏదో అడిగి వేయండి. ఖర్చు లేని పరిచర్య ఇది. మీ నీలి దారం మీరు ఎంచుకోండి. తూకం రాళ్ల దగ్గర ఒక నీలి గుడ్డ ముక్క కట్టుకోండి, లేదా ఫోను కవరు మీద ఒక గీత గీసుకోండి. చూసిన ప్రతిసారీ ఒక ఆజ్ఞ గుర్తుకు రానివ్వండి. దానికి మహిమ ఆపాదించకండి, అది తాయెత్తు కాదు. గుర్తు మాత్రమే.

యెష్షయి ఇంట్లో పెద్దకొడుకు ఏలీయాబును చూడగానే సమూయేలు అంతటి ప్రవక్త కూడా ఇతడేననుకున్నాడు. దేవుడు ఆయన్ను ఆపి, మనుషులు పైకి కనబడేది చూస్తారనీ తాను హృదయాన్ని చూస్తాననీ చెప్పాడు. తరువాత వచ్చిన దావీదు ఎర్రని రంగువాడనీ చూడటానికి చక్కనివాడనీ అదే అధ్యాయం రాస్తుంది. దేవుడు అందాన్ని తృణీకరించలేదు, రంగును దాచలేదు. దాన్ని బట్టి ఎన్నుకోలేదు, అంతే.

ఆ నర్సమ్మకు ఇంకా సంబంధం కుదరలేదు. తొందరపడి కుదర్చవద్దని ఆమే చెప్పింది. ఇప్పుడు చున్నీ భుజం మీద వేసుకుని స్త్రీల వరసలో ముందు కూర్చుంటోంది. ఆమె కోసం, ఆమె లాంటి మన కూతుళ్ల కోసం ఈ వారం కుటుంబ ప్రార్థనలో పేరుపేరునా జ్ఞాపకం చేసుకోండి.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, చిగురుకు రాగి రంగు, ఆకుకు పచ్చ, పండుకు పసుపు ఇచ్చిన దేవా, నీకు స్తోత్రం. మా కళ్లను నీవే చేశావు, వాటిని నీవే కాపాడు. కనబడిన దాని వెంట పరుగెత్తకుండా మమ్మల్ని ఆపు. రంగును బట్టి నొచ్చుకున్న మా కూతుళ్లను, కొడుకులను ఆదరించు. వారిని నొప్పించిన మా నోళ్లను శుభ్రం చేయి. ఈ సీజన్‌లో చెట్లెక్కే మా తమ్ముళ్లకు, ఎండలో కాయ ఏరే మా తల్లులకు కాపుదల దయచేయి. మా త్రాసులు న్యాయంగా, మా పండ్లు నిజంగా పండినవిగా ఉండనివ్వు. యేసుక్రీస్తు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమెన్.